హాంకాంగ్ పడవ శరణార్థుల శిబిరాలు: 116 కోట్ల హాంకాంగ్ డాలర్ల బకాయి ఎందుకు వసూలు కాలేదు

1998 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యుఎన్‌హెచ్‌సీఆర్ హాంకాంగ్ ప్రభుత్వానికి సుమారు 38.6 లక్షల హాంకాంగ్ డాలర్లు జమ చేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పైసా రాలేదు. ఖాతాలో మిగిలిన బకాయి 116.2 కోట్ల హాంకాంగ్ డాలర్లు. అమెరికన్ డాలరుకు 7.8 అనే స్థిర మారకం రేటు ప్రకారం ఇది దాదాపు 14.9 కోట్ల అమెరికన్ డాలర్లు. వియత్నాం నుంచి పడవల్లో వచ్చినవాళ్లకు నీడ, తిండి, నీళ్లు, వైద్యం ఇవ్వడానికి హాంకాంగ్ తన ఖజానా నుంచి ముందుగా పెట్టిన డబ్బు ఇది.

శరణార్థుల అత్యవసర వసతికి ఎవరు డబ్బివ్వాలన్న తగవుల్లో ఇంత స్పష్టంగా విడదీసి చూడగలిగే కేసు ఇంకోటి దొరకడం కష్టం. విధానం నిర్ణయించింది బ్రిటన్, ఎందుకంటే హాంకాంగ్ అప్పుడు దాని ఏలుబడిలోని సముద్రపార భూభాగం. శిబిరాలు కట్టి నడిపింది హాంకాంగ్ ప్రభుత్వం. పోషణ ఖర్చు తిరిగి ఇస్తామన్నది యుఎన్‌హెచ్‌సీఆర్. ఆ సంస్థకి డబ్బివ్వాల్సింది దాత దేశాలు. మనుషులు ఎన్నాళ్లు శిబిరంలో ఉండాలన్నది మాత్రం అమెరికా, వియత్నాం చేతుల్లో ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలు ఏటా ఎదురుచూడటం చూసిన తెలుగువాళ్లకి ఈ నిర్మాణం వెంటనే అర్థమవుతుంది. ముందు ఖర్చు పెట్టినవాడి దగ్గర బిల్లులుంటాయి, ఇస్తామన్నవాడి దగ్గర మాట ఉంటుంది.

తెరిచి ఉన్న శిబిరాల కాలం

1975 మే 4న క్లారా మెర్స్క్ అనే డెన్మార్క్ నౌక 3,743 మంది వియత్నాం శరణార్థులతో హాంకాంగ్ చేరింది. 1978 డిసెంబర్‌లో హ్యూయ్ ఫాంగ్ అనే నౌక 3,300 మందికి పైగా తీసుకొచ్చింది. 1979 ఒక్క ఏడాదిలో వచ్చినవాళ్లు 68 వేలకు పైనే. ఆ ఏడాది జులైలో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం నాటికి హాంకాంగ్‌ను 'మొదటి ఆశ్రయ రేవు'గా ఉంచడానికి బ్రిటన్ ఒప్పుకుంది. వచ్చిన పడవను వెనక్కి తోయకూడదు, లోపలికి రానిచ్చి వసతి ఇవ్వాలి, తర్వాత అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలు వాళ్లని తీసుకుపోతాయి. ఇదీ అమరిక.

ఈ దశలో డబ్బు గొడవ పెద్దగా లేదు. కైతాక్, జూబిలీ, ఆర్గైల్ స్ట్రీట్ వంటి శిబిరాలు తెరిచే ఉండేవి. జనం బయటికెళ్లి ఫ్యాక్టరీల్లో పనిచేసుకునేవాళ్లు, సంపాదించుకునేవాళ్లు. యుఎన్‌హెచ్‌సీఆర్ డబ్బుతో స్వచ్ఛంద సంస్థలు శిబిరాలు నడిపేవి. పునరావాసం వేగంగా జరుగుతుండటంతో ఒక మనిషి శిబిరంలో గడిపే కాలం తక్కువగా ఉండేది.

1982 జులై 2 నుంచి కొత్తగా వచ్చినవాళ్లను మూసిన శిబిరాల్లో పెట్టడం మొదలైంది. చీ మా వాన్, హే లింగ్ చౌ శిబిరాలు జైళ్ల శాఖ పరిధిలోకి వెళ్లాయి. ఇక రావద్దని భయపెట్టడమే దీని ఉద్దేశం. ఆర్థికంగా చూస్తే ఇది పెద్ద మలుపు, ఆనాటి చర్చల్లో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. తెరిచిన శిబిరంలో సంపాదించే మనిషి మూసిన శిబిరంలో పూర్తిగా పోషించాల్సిన మనిషి అవుతాడు. బియ్యం, కూర, వంటచెరకు, బట్ట, బడి, ఆసుపత్రి అన్నీ గేటు లోపలే సమకూర్చాలి. కాపలా ఖర్చు వేరే. ఒక కాపలా స్థానంలో 24 గంటలూ మనిషి నిలబడాలంటే వారానికి 168 గంటలు. వారానికి 40 గంటల డ్యూటీ లెక్కన 4.2 ఉద్యోగాలు. సెలవులు, శిక్షణ కలిపితే అయిదు. గేటు, నాలుగు కంచె మూలలు, కంట్రోల్ రూమ్ అని ఆరు స్థానాలు అనుకున్నా ఒక చిన్న శిబిరానికే 30 మంది జీతాలు. బందోబస్తు ఖర్చును మానవతా సాయంగా లెక్కగట్టడానికి దాతలు ఎక్కడా ఇష్టపడరు. అది ఆతిథ్య ప్రభుత్వం నెత్తిన పడుతుంది.

1988–89: శిబిరం కట్టే సమయం లేనప్పుడు

1988లో 18 వేలకు పైగా, 1989లో 34 వేలకు పైగా వచ్చారు. 1988 జూన్ 16 నుంచి నియమం మారింది. ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్లు ఎవరైనా సరే నిర్బంధంలో ఉండి, తాము శరణార్థులమని ఇంటర్వ్యూలో నిరూపించుకోవాలి. నిరూపించుకోలేనివాళ్లు వియత్నాం తిరిగి వెళ్లాలి. ఎక్కువమంది ఆ పరీక్ష దాటలేదు.

చోటు కోసం చేతికందినదల్లా వాడారు. ఫెర్రీ పడవలు, ట్యూన్ మున్‌లో ఖాళీ ఫ్యాక్టరీ భవనం, షెక్ కాంగ్ సైనిక విమానాశ్రయం రన్‌వే మీద గుడారాలు. 1989 వేసవిలో తై ఆ చౌ అనే దీవి మీద వేలమందిని దించారు. అక్కడ నీళ్లు, మరుగుదొడ్లు చాలలేదు. కలరా వచ్చింది. తర్వాత షాటిన్ దగ్గర వైట్‌హెడ్ శిబిరం కట్టారు. ఒక దశలో అందులో 20 వేలమందికి పైగా ఉన్నారు. రేకుల షెడ్లలో మూడంతస్తుల మంచాలు, ఒక్కో అంతస్తు ఒక్కో కుటుంబానికి. తెరగా ఒక గుడ్డ కట్టుకుంటే అదే ఇల్లు. పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే నడక నేర్చి, కంచె అవతల ఏముందో చూడకుండా పెరిగారు. బడ్జెట్ పట్టికల్లో ఇది కనిపించదు కాబట్టి ఇక్కడ చెప్పాల్సి వస్తోంది.

అత్యవసర వసతిలో ఇప్పుడు అందరూ వాడే కనీస కొలతలు ఆనాటి తర్వాత స్థిరపడ్డవి. మనిషికి కప్పు కింద 3.5 చదరపు మీటర్లు, దారులూ ఖాళీ స్థలాలూ కలిపి శిబిర విస్తీర్ణం మనిషికి 45 చదరపు మీటర్లు, రోజుకు 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. వరసగా 300 మీటర్ల కట్టడాలుంటే మధ్యలో మంటలు దాటకుండా 30 మీటర్ల ఖాళీ. పదివేలమందికి లెక్కవేస్తే 45 హెక్టార్లు, అంటే సుమారు 111 ఎకరాలు. రోజుకు లక్షన్నర లీటర్ల నీళ్లు. 500 మరుగుదొడ్లు. హాంకాంగ్ లాంటి ఇరుకు చోట 111 ఎకరాల చదును నేల దొరకదు. కాబట్టి పక్కకు విస్తరించాల్సింది పైకి విస్తరించింది. మంచాల మీద మంచాలు వేశారు. అంతస్తు పెరిగిన కొద్దీ మనిషికి గాలి తగ్గుతుంది, మంట అంటుకుంటే బయటపడే సమయం తగ్గుతుంది. 1992 ఫిబ్రవరి 3 రాత్రి షెక్ కాంగ్‌లో ఉత్తర, దక్షిణ వియత్నాం వాళ్ల మధ్య గొడవ ముదిరి ఒక షెడ్డుకు నిప్పు పెట్టారు. 24 మంది చనిపోయారు. నిప్పు పెట్టినవాళ్లది నేరం. అయితే కిక్కిరిసిన ఆ షెడ్డు, రెండు వర్గాలను పక్కపక్కనే ఉంచిన ఆ అమరిక పాలకులు చేసినవే.

తాత్కాలికం అని రాసుకున్న చోట డబ్బు ఎలా తప్పుదారి పడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆరు నెలలకని గుడారం వేస్తే అది అత్యవసర పద్దు కింద పోతుంది. ఆరు నెలల తర్వాత గుడారం మార్చాలి, మురుగు కాలువ తవ్వాలి, కరెంటు లైను పెంచాలి. అది పెట్టుబడి పద్దు. దాత ఒప్పుకున్నది పోషణ ఖర్చు కాబట్టి పెట్టుబడికి అతను డబ్బివ్వడు. ఆతిథ్య ప్రభుత్వం అనుబంధ పద్దు కోసం శాసనమండలి ఆర్థిక సంఘానికి వెళ్లాలి. అక్కడ సభ్యులు అడిగేది ఒకటే, 'తాత్కాలికమన్నారు కదా?' ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక మరమ్మతులు వాయిదా పడతాయి. మరుగుదొడ్లు పొంగడం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

ఒప్పందంలో ఉన్న మాట

1988 సెప్టెంబర్‌లో హాంకాంగ్ ప్రభుత్వానికీ యుఎన్‌హెచ్‌సీఆర్‌కూ మధ్య అవగాహన పత్రం కుదిరింది. శిబిరాల నిర్వహణ బాధ్యత ప్రభుత్వానిది. లోపలున్నవాళ్ల సంరక్షణ, పోషణ ఖర్చు యుఎన్‌హెచ్‌సీఆర్‌ది. ప్రభుత్వం ముందుగా పెడుతుంది, సంస్థ తర్వాత తిరిగి ఇస్తుంది, అయితే విజ్ఞప్తుల ద్వారా దాతల నుంచి డబ్బు అందుబాటులోకి వచ్చినప్పుడు. ఆ చివరి షరతులో మొత్తం కేసు ఉంది.

యుఎన్‌హెచ్‌సీఆర్ ఇలాంటి షరతు పెట్టడంలో మోసం లేదు. 1950 నాటి ఆ సంస్థ నిబంధనావళి 20వ పేరా ప్రకారం ఐక్యరాజ్యసమితి సాధారణ బడ్జెట్ నుంచి దానికి వచ్చేది పాలనా ఖర్చుకే. మిగతా కార్యక్రమాలన్నీ స్వచ్ఛంద విరాళాల మీదే నడవాలి. విరాళమిచ్చే దేశం చాలాసార్లు 'ఈ డబ్బు ఫలానా చోటికే' అని గుర్తు పెట్టి ఇస్తుంది. 1989–90లో ఆ సంస్థ తీవ్ర ఆర్థిక ఇబ్బందిలో పడింది. ఆ తర్వాత 1991లో ఇరాక్ కుర్దులు, 1992 నుంచి బోస్నియా, 1994లో రువాండా. దాతల చూపు అటు మళ్లింది. నిండు ఖజానా ఉన్న ఒక వాణిజ్య నగరం పేరుతో విరాళం అడిగితే దాత దేశం పార్లమెంటులో సమర్థించుకోవడం కష్టం. హాంకాంగ్ ధనిక నగరమన్న కారణమే దాని బాకీని చివరి వరసకు నెట్టింది.

ఇంకో చిన్న విషయం ఉంది, చేతులు పెట్టి పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. హాంకాంగ్ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. యుఎన్‌హెచ్‌సీఆర్‌ది జనవరి నుంచి డిసెంబర్. జనవరి–మార్చి ఖర్చు ఒకరి పాత ఏడాదిలో, మరొకరి కొత్త ఏడాదిలో పడుతుంది. ఇలాంటి చోట రెండు వైపులా ఒకే తేదీకి బాకీ నిర్ధారణ పత్రం మీద సంతకాలు తీసుకోకపోతే, మూడేళ్లు తిరిగేసరికి రెండు వేర్వేరు అంకెలు తయారవుతాయి. హాంకాంగ్‌లో అంకె మీద పెద్ద తగవు లేకపోవడం ఆ అధికారుల లెక్కల క్రమశిక్షణకు నిదర్శనం. 116.2 కోట్లు అన్న సంఖ్య ఏళ్ల తరబడి శాసనమండలి జవాబుల్లో మారకుండా కనిపిస్తుంది. లెక్క సరిగ్గా ఉన్నా వసూలు కాకపోవచ్చని కూడా అదే సంఖ్య చెబుతుంది.

మనిషి-రోజు లెక్క, మీట ఎవరి చేతిలో

వసతి ఖర్చుకు మూల కొలత మనిషి-రోజు, అంటే ఒక మనిషి శిబిరంలో గడిపే ఒక రోజు. 1991లో శిబిరాల జనాభా 64 వేలు దాటింది. అదే స్థాయి ఏడాదంతా ఉందనుకుంటే 64,000 × 365, అంటే దాదాపు 2.34 కోట్ల మనిషి-రోజులు. బకాయి మొత్తాన్ని దాంతో భాగిస్తే మనిషికి రోజుకు సుమారు 50 హాంకాంగ్ డాలర్లు వస్తాయి. ఇది ఆనాటి అసలు రేటు కాదు, బకాయి పరిమాణం అర్థం కావడానికి వేసిన లెక్క. రోజుకు మనిషికి 50 డాలర్ల బిల్లు అనుకుంటే, కిక్కిరిసిన ఒక్క ఏడాది పోషణ ఖర్చు మొత్తం రాకుండా పోయినట్టు.

రేటు తగ్గించడానికి బేరమాడవచ్చు, బియ్యం టెండరు మార్చవచ్చు, అయిదు పది శాతం మిగలవచ్చు. రోజుల సంఖ్య తగ్గితేనే ఖర్చు నిజంగా తగ్గుతుంది. ఆ మీట హాంకాంగ్ చేతిలో లేదు. 1989 జూన్‌లో జెనీవాలో కుదిరిన సమగ్ర కార్యాచరణ ప్రణాళిక శరణార్థులు కానివాళ్లు తిరిగి వెళ్లాలంది. అదే ఏడాది డిసెంబర్ 12న 51 మందిని బలవంతంగా విమానం ఎక్కిస్తే ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది, అమెరికా తీవ్రంగా వ్యతిరేకించింది. 1991 అక్టోబర్‌లో వియత్నాంతో ఒప్పందం కుదిరాకే బలవంతపు వాపసు క్రమంగా సాగింది. దాని ప్రభావం అంకెల్లో స్పష్టం. 1991లో 20 వేలకు పైగా వచ్చినచోట 1992లో వచ్చింది 12 మంది. అయినా శిబిరాల్లో ఇంకా 40 వేలమందికి పైగా ఉన్నారు. రాక ఆగడానికీ ఖర్చు ఆగడానికీ మధ్య ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ ఎనిమిదేళ్లలో జరిగిన ప్రతి జాప్యం వెనుకా మరెవరిదో నిర్ణయం ఉంది. 1995లో అమెరికా కాంగ్రెస్‌లో వచ్చిన బిల్లు, పరీక్షలో ఓడినవాళ్లకి కూడా అమెరికా వెళ్లే దారి దొరుకుతుందన్న ఆశ పుట్టించింది. స్వచ్ఛందంగా తిరిగి వెళ్తామనేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోయారు. వీళ్లు మా పౌరులు కారంటూ కొందరిని, ముఖ్యంగా చైనా మూలాలున్నవాళ్లని, తీసుకోవడానికి వియత్నాం నిరాకరించింది. 1996 మార్చిలో, అప్పట్లో హాంకాంగ్‌కు చివరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, తిప్పి పంపే అవకాశమే లేనివాళ్లను నిరవధికంగా నిర్బంధించడం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. న్యాయమైన తీర్పు. దాంతో విడుదలైనవాళ్లకి నిర్బంధ పద్దు ఆగింది గానీ వసతి అవసరం ఆగలేదు. ఒప్పందంలో ఈ వర్గానికి గడి లేదు. ఆ ఏడాది మే 10న వైట్‌హెడ్‌లో అల్లర్లు జరిగి భవనాలు, వాహనాలు తగలబడ్డాయి, వందమందికి పైగా పారిపోయారు. జూన్ 30తో సమగ్ర ప్రణాళిక గడువు తీరింది. మరో ఏడాదికి హాంకాంగ్ సార్వభౌమాధికారం బ్రిటన్ నుంచి చైనాకు మారబోతోంది. ఈలోగా అందర్నీ పంపేయమని చైనా ఒత్తిడి.

హాంకాంగ్ శాసనమండలి సభ్యులు బ్రిటన్‌ని అడిగింది సూటి ప్రశ్న: మొదటి ఆశ్రయ రేవు విధానం మీరు ఒప్పుకున్నది, మరి బాకీకి పూచీ మీరెందుకు పడరు? బ్రిటన్ దాన్ని తన బాకీగా ఒప్పుకోలేదు. 1951 శరణార్థుల ఒడంబడికను బ్రిటన్ హాంకాంగ్‌కు వర్తింపజేయనే లేదు. కాబట్టి శరణార్థికి గానీ ప్రభుత్వానికి గానీ ఆ ఒడంబడిక పట్టుకుని వెళ్లే దారి కూడా లేదు. మా అంచనాలో అసలు లోపం ఇక్కడుంది. యుఎన్‌హెచ్‌సీఆర్ ఇవ్వలేని రోజున ఎవరివ్వాలి అన్నది 1988లోనే రాసుకోవాల్సింది. ఆనాడు బేరానికి బలం ఉంది. మనుషులు లోపలికి వచ్చేశాక, శిబిరం కట్టేశాక, ఆతిథ్యం ఇచ్చినవాడికి బలం ఉండదు. అన్నం పెట్టడం ఆపలేడు, ఆపకూడదు కూడా.

చట్టపరమైన ఆధారం ఉంటే ఎంత తేడా వస్తుందో మయోట్‌లో కనిపిస్తుంది. అది హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్ సముద్రపార ప్రాంతం, 2014 నుంచి ఐరోపా సమాఖ్య నిబంధనల పరిధిలోకి వచ్చింది. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో ఆశ్రయం కోరేవాళ్లకి ఇచ్చే నగదు భత్యం అక్కడ లేదు, పెద్దలకి నెలకు 30 యూరోల ఆహార కూపన్లతో సరిపెట్టారు. 2021 మార్చిలో ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ సాయం చాలదని తేల్చింది. ఆశ్రయం కోరేవాళ్ల స్వీకరణ పరిస్థితుల మీద 2013 నాటి ఐరోపా ఆదేశం అక్కడా వర్తిస్తుందంది. అక్కడి వసతి సమస్య తీరిపోలేదు, మయోట్ ముఖ్యపట్టణం మముద్జూలో కవానీ స్టేడియం చుట్టూ వెలిసిన గుడారాలు 2024లో పెద్ద గొడవకు దారితీశాయి. కానీ కనీసం కోర్టు తలుపు తట్టడానికి ఒక పత్రం ఉంది.

ఒప్పందం రాసేవాళ్లకి

ముందు పద్దులు విడగొట్టాలి. నేల చదును, షెడ్లు, నీటి లైను, మురుగు శుద్ధి ఒక అనుబంధంలో. తిండి, ఇంధనం, వైద్యం, బడి రెండోదాంట్లో. కాపలా మూడోదాంట్లో. శిబిరం ఎత్తేశాక నేలను పూర్వస్థితికి తెచ్చే ఖర్చు నాలుగోదాంట్లో, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ప్రతి పద్దుకూ కట్టేవాడి పేరు, అతను కట్టలేకపోతే కట్టేవాడి పేరు ఉండాలి. రెండో పేరు లేని పద్దు మీద సంతకం పెట్టకూడదు.

జనాభా లెక్క నెలకు రెండుసార్లు, 1న, 15న, రెండు పక్షాలూ కలిసి చేయాలి. పుట్టినవాళ్లు, చనిపోయినవాళ్లు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, కోర్టు ఆదేశంతో బయట ఉన్నవాళ్లు వేర్వేరు గడుల్లో పడాలి. ఆసుపత్రిలో ఉన్న మనిషికి శిబిరంలో భోజనం లెక్కగట్టడం ఆడిట్‌లో దొరికే మొదటి తప్పు. అది చిన్నదే అయినా మొత్తం బిల్లు మీద అనుమానం తెస్తుంది. మనిషి-రోజు రేటును ఆరు నెలలకోసారి ధరల సూచీతో సరిచూడాలి. 1998లో ఆగిపోయిన 116.2 కోట్ల కొనుగోలు శక్తి ఆ తర్వాతి దశాబ్దాల్లో కరిగిపోయింది.

అడ్వాన్సుకు పరిమితి ఉండాలి. ఉదాహరణకు, 90 రోజుల ఖర్చు. బకాయి ఆ గీత దాటిన రోజున దానంతటదే పై స్థాయి సమావేశం జరగాలి, పూచీదారు ఖాతా నుంచి చెల్లింపు మొదలవ్వాలి. పరిమితి దాటితే శిబిరంలో రేషన్ తగ్గిస్తామని రాసే ఒప్పందాలు ఉంటాయి. అది ఒప్పుకోకూడదు. ప్రభుత్వాల తగవులో శిక్ష పిల్లల కంచంలో పడుతుంది. 'నిధుల అందుబాటును బట్టి' అన్న మాటను దాత సంస్థ తీసేయనివ్వకపోవచ్చు, దాని చేతులు నిజంగానే కట్టేసి ఉంటాయి. అప్పుడు ఆ మాట పక్కనే 'ఆరు నెలల్లో అందుబాటులోకి రాకపోతే ఫలానా ప్రభుత్వం చెల్లిస్తుంది' అని చేర్పించాలి.

మనుషుల వర్గాలు కూడా ముందే రాయాలి: హోదా వచ్చినవాళ్లు, రానివాళ్లు, రాకపోయినా ఏ దేశమూ తీసుకోనివాళ్లు, కోర్టు విడుదల చేసినవాళ్లు. మూడో వర్గం సంఖ్యలో చిన్నది, ఖర్చులో పొడవైనది. వాళ్ల కోసం స్థానికంగా స్థిరపరిచే గడువును మొదటి ఒప్పందంలోనే పెట్టాలి.

హాంకాంగ్ ఆ పని చివర్లో చేసింది. మొదటి ఆశ్రయ రేవు విధానాన్ని 1998 జనవరిలో రద్దు చేశారు. 2000 ఫిబ్రవరిలో, మిగిలిపోయిన సుమారు 1,400 మందికి నగరంలోనే స్థిరపడే అవకాశం ప్రకటించారు. చివరి శిబిరం పిల్లర్ పాయింట్ 2000 మే 31 అర్ధరాత్రి మూతపడింది. 1975 నుంచి అప్పటిదాకా వచ్చిన రెండు లక్షలకు పైగా మనుషుల్లో 1,43,000 మందికి పైగా ఇతర దేశాలకు వెళ్లారు, 67,000 మందికి పైగా వియత్నాం తిరిగి వెళ్లారు. బకాయిని హాంకాంగ్ ప్రభుత్వం ఆ తర్వాత కూడా అడుగుతూనే వచ్చింది. దాతలు ముందుకు రావడం లేదన్నదే యుఎన్‌హెచ్‌సీఆర్ జవాబు. ఆ 1,400 మందికి 2000లో ఇచ్చిన అవకాశాన్ని, తిప్పి పంపే దారి లేదని తేలిన రోజునే ఇచ్చి ఉంటే బకాయి అంకె ఎంత తగ్గేదో లెక్కగట్టడం కష్టం కాదు. శిబిరాల రిజిస్టర్లలో ప్రతి మనిషికీ వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ రాసే ఉంటాయి.